తంగేడు కంచె వేసుకోవాలంటే

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. మా తోట చుట్టూ ఉన్న వెదురు కంచె కూడా పోయింది. ఆ గట్టు మీద తంగేడు వేస్తానంటే పక్కింటి పిన్ని, "బీడుల్లో దానంతటదే మొలిచేదాన్ని నువ్వు పెంచుతావేటమ్మా?" అంది. దానంతటదే మొలుస్తుంది, నిజమే. మనం వేస్తే మాత్రం అంత తేలిగ్గా రాదు.

అంతా గింజలోనే ఉంది. దాని తొక్క చాలా గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. మొదటి ఏడాది ఊరికే చల్లేస్తే అక్కడొకటి ఇక్కడొకటి మొలిచింది. ఇప్పుడు చెట్టు మీదే బాగా ఎండిన కాయలు కోసి గింజలు తీస్తాను. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించాక గింజలు అందులో వేసి రాత్రంతా వదిలేస్తాను. పొయ్యి మీదే ఉడికిస్తే గింజ చచ్చిపోతుంది. తెల్లారేసరికి ఉబ్బినవాటిని విత్తుతాను. ఉబ్బనివాటిని ఒక్కొక్కటే గరుకు రాతి మీద ఓ పక్క రుద్ది మళ్లీ నానబెడతాను. ఓపిక కావాలి, కానీ వృథా పోవు.

తల్లివేరు లోతుకి దిగే మొక్క, పీకి నాటితే సరిగా నిలవదు. అందుకే జూన్ వానలకి గట్టు మీదే, అర అంగుళం లోతున, మూడేసి అడుగుల దూరంలో రెండేసి గింజలు పెట్టండి. ఎండ పూర్తిగా తగలాలి. ఎరువు అక్కర్లేదు.

నీళ్ల దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. నేనూ ప్రేమకొద్దీ రోజూ పోశాను, పల్లంలో ఉన్న నాలుగు మొక్కలు వేరు కుళ్లి పోయాయి. మొదటి వేసవి మాత్రం వారానికోసారి తడిపితే చాలు.

పూత మొదలయ్యాక ఓ ఉదయం దగ్గర కూర్చుని చూడండి. ఈ పువ్వులో తేనె ఉండదు. నల్లటి తుమ్మెద వచ్చి కేసరాల్ని పట్టుకుని జుమ్మని ఒళ్లు వణికిస్తుంది, కేసరం కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచి పుప్పొడి రాలి దాని పొట్టకి అంటుకుంటుంది. ఆకుల్ని తినే పచ్చ గొంగళిపురుగులు కనిపిస్తే మందు కొట్టకండి, వాటిలో చాలావరకు లేతపసుపు సీతాకోకచిలుకలవుతాయి. ఆకు మళ్లీ వస్తుంది.

సంక్రాంతి గొబ్బెమ్మలకి కోసుకున్నాక కొన్ని గుత్తులు విత్తనానికి ఉంచండి. కాయలు ఎండాక కొమ్మల్ని నడుమెత్తుకి కత్తిరిస్తే వానలకి గుబురుగా చిగురిస్తుంది.