పది చింతపిక్కలు, తొమ్మిది చుక్కలు

ఒకటో తరగతికి కూడికలు నేర్పడానికి నేను ప్రత్యేకంగా కొనేదేమీ లేదు. వేసవిలో ఇంట్లో చింతపండు కొట్టినప్పుడు పిక్కలు దాచిపెడతాను. బడి తెరిచాక ఒక్కొక్కరికి పదేసి ఇచ్చి, గరుకు గచ్చు మీద కాస్త నీళ్లు చల్లి ఒక పక్క అరగదీయమంటాను. లోపలి తెలుపు బయటపడితే చాలు. అష్టాచెమ్మా ఆడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఈ పనికి ఒక పూట పోతుంది, పోనివ్వండి. తమ చేత్తో అరగదీసుకున్న పిక్కల్ని పిల్లలు అంత తేలిగ్గా పారేసుకోరు. ఇంటికి మాత్రం పంపకండి. చంటి తమ్ముళ్లు ముక్కులో దూర్చుకుంటారు.

ఆట ఇదీ. పది పిక్కలూ గుప్పిట్లో గిలకరించి కింద వేయాలి. తెల్లవి మాత్రమే లెక్కపెట్టాలి. ఏడు పడ్డాయనుకోండి, నల్లవి ఎన్నో చూడకుండా చెప్పాలి. చెప్పాక సరిచూసుకోవచ్చు. పలక మీద 7, 3 అని రాసుకుని మళ్లీ వేయాలి. రోజుకు పది నిమిషాలు చాలు. మొదట్లో అందరూ వేళ్లు మడుస్తారు. గద్దిస్తే బల్ల కింద మడుస్తారు, అంతే తేడా. కొన్ని వారాలు పోయాక ఏడు కనపడగానే "మూడు" అనేస్తారు. ఎప్పుడో ఒకరికి పదీ తెల్లవే పడతాయి, క్లాసంతా గోల. "మరి నల్లవి?" అని అడగండి. సున్నాకి నేను వేరే పాఠం చెప్పను.

పది గట్టిపడ్డాకే పది దాటాలి. ఇక్కడ మధ్యాహ్న భోజనం గుడ్ల అట్ట పనికొస్తుంది. ముప్పై గుడ్ల అట్టలో వరుసకు ఐదు చొప్పున ఆరు వరుసలుంటాయి. రెండేసి వరుసలుగా కత్తిరిస్తే మూడు ముక్కలు, ఒక్కో దాంట్లో పది గుంటలు. 8+6 చేయాలంటే ఒక ముక్కలో ఎనిమిది పిక్కలు, ఇంకోదాంట్లో ఆరు పెట్టించండి. మొదటిదాంట్లో రెండు గుంటలు ఖాళీగా కనిపిస్తూనే ఉంటాయి. ఏమీ చెప్పకండి. ఎవరో ఒకరు ఆరులోంచి రెండు తీసి అక్కడ పడేస్తారు. ఇక పది, నాలుగు. పద్నాలుగు అనే మాటలోనే ఆ రెండూ ఉన్నాయని అప్పుడు వినిపించండి.

ఎక్కాలు వద్దనను, కానీ 8+6కి ఇంకా తడుముకునే పిల్లాడి చేత ఎనిమిదో ఎక్కం వల్లె వేయించడం నాకు నచ్చదు.

ఆకారాల దగ్గర నేనే తప్పు చేశాను. చాలా ఏళ్లు బోర్డు మీద త్రిభుజాన్ని ఒకేలా గీశాను, అడుగున గీత, పైన మొన. ఒకసారి మొన కిందికి గీస్తే ఒక పాప, "అది త్రిభుజం కాదు టీచర్, పడిపోయింది" అంది. తప్పు పాపది కాదు. అప్పట్నుంచి చీపురుపుల్లలతో చేయిస్తున్నాను: పొట్టివి, సన్నవి, పక్కకు ఒరిగినవి. చేసిన పిల్లలు దాని చుట్టూ తిరిగి చూడాలి. ఏ పక్కనుంచి చూసినా మూడు పుల్లలే, మూడు మూలలే.

చతురస్రానికి ముగ్గు మంచిది. నేల మీద మూడు చుక్కలు, మూడు వరుసలు పెట్టి, చుక్కలు కలుపుతూ ఎన్ని చతురస్రాలొస్తాయో వెతకమనండి. నాలుగు చిన్నవి వెంటనే దొరుకుతాయి. చుట్టూ ఉన్న పెద్దది కాసేపటికి. "ఐదు, అయిపోయింది టీచర్" అంటారు. ఇంకొకటి ఉంది: నాలుగు వైపులా మధ్యలో ఉన్న చుక్కల్ని కలిపితే వచ్చేది. దాన్ని చూసి కూడా "డైమండ్" అని వదిలేస్తారు. వాదించకండి. అదే కొలతలో కాగితం చతురస్రం కత్తిరించి చేతికివ్వండి, దాని మీద పెట్టి, తిప్పి చూసుకుంటారు. కాకపోతే ఆ ముగ్గు మర్నాటిదాకా తుడవొద్దని ఆయమ్మకు ముందే చెప్పి ఉంచండి.