రెదోన్ తరహా బొగ్గు బొమ్మ: నలుపులోంచి వెలుగు తీయడం

ఫ్రెంచి చిత్రకారుడు ఓదిలోన్ రెదోన్ 1870ల నుంచి దాదాపు ఇరవై ఏళ్లు ఎక్కువగా నలుపుతోనే పనిచేశాడు. ఆ బొమ్మలు చూసి వేద్దామనుకునేవాళ్లు ముందు మంచి నల్లబొగ్గు కోసం వెతుకుతారు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది కాగితం. ఆయన తరచుగా రంగు కాగితాల మీద వేశాడు. బొమ్మలో మనకు కనిపించే వెలుగు చాలావరకు ఆ కాగితమే.

ఏ3 సైజులో, 160 జీఎస్ఎం, కాస్త గరుకుగా ఉన్న లేత గోధుమరంగు లేదా నీలిబూడిద రంగు కాగితం తీసుకోండి. మరీ నున్నటి కాగితం మీద బొగ్గు నిలవదు. బోర్డు మీద రెండు మూడు మామూలు కాగితాలు పరిచి, వాటిపైన దీన్ని టేపుతో అంటించండి. లేకపోతే రుద్దినప్పుడు చెక్క గీతలన్నీ బొమ్మలోకి వస్తాయి.

విల్లో చార్‌కోల్‌ను (విల్లో చెట్టు పుల్లలతో చేసిన మెత్తటి బొగ్గు) నాలుగైదు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి, అడ్డంగా పడుకోబెట్టి కాగితమంతా నింపండి. పాత పంచె ముక్కతో మెల్లగా రుద్దితే సమంగా బూడిదరంగు పరుచుకుంటుంది. అరచేత్తో మాత్రం రుద్దొద్దు. చేతి జిడ్డు అంటిన చోట బొగ్గు పట్టేసుకుని తర్వాత రబ్బరుకు రాదు.

ఇప్పుడు వెలుగు తీయాలి. నీడెడ్ ఎరేజర్‌ను (పిండిలా నలిగే మెత్తటి రబ్బరు) మొనలా నలిపి అద్ది ఎత్తండి, రుద్దకండి. ఆ కాలంలో ఈ పనికి బ్రెడ్ మెత్తని భాగం వాడేవారు. ఇప్పుడూ పనికొస్తుంది కానీ వెన్న, నూనె కలిపిన బేకరీ బ్రెడ్ అయితే కాగితం మీద మరకలు పడతాయి. వెలుగును మీకు కావలసినదానికంటే ఒక మెట్టు ఎక్కువగానే తీయండి, ఎందుకంటే ఫిక్సటివ్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాక అంతా కొంచెం ముదురుతుంది.

ఫిక్సటివ్‌ను 30 సెంటీమీటర్ల దూరం నుంచి, గాలి ఆడే చోట, రెండు పల్చటి పూతలుగా కొట్టండి. పూతకూ పూతకూ మధ్య పది నిమిషాలైనా ఆగండి. దగ్గరగా కొడితే చుక్కలు కట్టి, బొగ్గు జారుతుంది. వానాకాలపు తేమలో తెల్లటి మసకపొర కూడా రావచ్చు. ఈ పూత తర్వాత రబ్బరు పెద్దగా పనిచేయదు. సన్నటి వెలుగు గీత కావాలంటే బ్లేడు మొనతో గీకడమే దారి, అదీ బొమ్మలో ఒకటి రెండు చోట్లే.

అసలు చీకటి రెండో విడతలో వస్తుంది. కంప్రెస్డ్ చార్‌కోల్‌తో (పొడిని నొక్కి కడ్డీగా చేసిన మరింత నల్లటి బొగ్గు) బొమ్మలో ఐదో వంతుకు మించకుండా గాఢమైన నలుపు పెట్టండి. అంతకు మించితే బొమ్మంతా ఒకే నల్లముద్ద అవుతుంది. ఇంకా లోతైన నలుపు కావాలంటే బొగ్గు కడ్డీని ఒకరోజు లిన్సీడ్ ఆయిల్‌లో (అవిసె నూనె) నానబెట్టి తుడిచి వాడొచ్చు. కానీ అది చెరగదు, చుట్టూ పసుపు వలయం కడుతుంది. అందుకే నలుపు మధ్యలోనే గీయండి. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతటదే నిప్పంటుకోగలదు. బయట విప్పి ఆరేయండి.

ఇక బొమ్మలో ఏం వేయాలి? ఆ బొమ్మల్లోని మార్మికత చూసి మనసు ఫ్రెంచి గూఢవిద్య వైపు పోతుంది. అది అనగానే అందరికీ గూఢవిద్యావేత్త ఎలిఫాస్ లెవీ గీసిన బాఫొమెట్ అనే మేకతల రూపం, పంచకోణ నక్షత్రం గుర్తొస్తాయి. అవి పెట్టేస్తే బొమ్మ మంత్రశాస్త్ర పుస్తకం అట్టలా తేలిపోతుంది. ఫ్రెంచి రచయిత పెలదాన్ 1892 నుంచి 1897 దాకా పారిస్‌లో రోజ్-క్రా పేరుతో ఆరు ప్రదర్శనలు పెట్టాడు. మార్మికతను కోరుతూ, నిశ్చల వస్తుచిత్రాలు వంటివాటిని నిబంధనల్లోనే నిషేధించాడు. రెదోన్ వాటిలో పాల్గొనలేదు. వృక్షశాస్త్రజ్ఞుడు అర్మాన్ క్లావోతో స్నేహం ఆయనకు సూక్ష్మజీవుల ప్రపంచాన్ని చూపించింది. ఆయన విచిత్ర ప్రాణులు నిజంగా బతికి ఉన్నట్టుండడానికి మార్మిక సంఘాలకంటే ఈ పరిచయమే ఎక్కువ తోడ్పడిందని మా అభిప్రాయం.

కాబట్టి ఒక నిజమైన వస్తువును, కన్నో విత్తనమో సాలీడో, శ్రద్ధగా చూసి గీయండి. తర్వాత దానిలో ఒకటి రెండు మార్పులే చేయండి. రెదోన్ 1881 నాటి నవ్వే సాలీడు బొమ్మలో ముఖం నవ్వుతుంది, కాళ్లు పది. మిగతాదంతా వెంట్రుకలున్న మామూలు నల్లటి ఒళ్లే. మూడు నాలుగు మార్పులు పెడితే చూసేవాడు నమ్మడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మ చుట్టూ మౌంట్ బోర్డు (మందపాటి అట్ట) పెట్టించి, అద్దం బొమ్మకు తగలకుండా చూడండి. అద్దం బదులు యాక్రిలిక్ షీటు వద్దు. దాని స్థిరవిద్యుత్తు బొగ్గు పొడిని పైకి లాగేస్తుంది.