వత్తులు చెదరకుండా నా తొలి పుస్తకం అచ్చయిన తీరు

మా ప్రకాశం జిల్లా కథలను సొంత ఖర్చుతో పుస్తకంగా వేయదలచి, యూనికోడ్‌లో (నేటి కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షర సంకేత పద్ధతిలో) టైపు చేసిన ప్రతిని ఒంగోలులోని ఒక డీటీపీ (కంప్యూటర్‌పై పుస్తకం పేజీలు కట్టే) కేంద్రానికి ఇచ్చాను. అక్కడ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును చదవలేదు గనుక పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్ కాని ‘అను’ ఫాంటులోకి మార్చారు. ప్రూఫు చూస్తే ‘స్త్రీ’ కింది వత్తులు ఊడిపోయి, ‘జ్ఞాపకం’ గుర్తుపట్టరానిదై ఉంది. ఒకచోట దిద్దితే మరోచోట కొత్త తప్పు పుట్టుకొచ్చేది. యంత్రం చేసిన తప్పులు దిద్దడానికి పేజీకింతని మళ్లీ నన్నే అడగడం మరీ విడ్డూరం.

చివరకు ఆ మార్పిడినే మానిపించి, యూనికోడ్‌ను చదివే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రవాడి చేత, ఉచితంగా దొరికే ‘మండలి’ అనే యూనికోడ్ ఫాంటులో పేజీలు కట్టించాను. అక్కడా మొదట గుణింతాలు విడివిడిగానే పడ్డాయి గానీ, పాఠమంతా ఎంచుకొని పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబ్ వరల్డ్‌రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ అనే అమరిక పెట్టగానే అక్షరాలన్నీ కుదురుకున్నాయి. ఫాంట్లను పొందుపరిచిన పీడీఎఫ్‌నే ప్రెస్సుకు పంపాను. పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మాత్రం ఇబ్బంది పెట్టలేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దానిని ఉచితంగానే ఇస్తుంది. ప్రెస్సువారు 16 పేజీల ఫారాల (ఒకే పెద్ద కాగితంపై కలిపి అచ్చయ్యే పేజీల కట్టల) లెక్కన అచ్చు వేస్తారు కాబట్టి, చివరి ఫారంలో మిగిలిన పేజీల్లో మరో చిన్న కథ చేర్చాను.