నాగావళి నీటిమట్టాల రెండు గ్రాఫులను ఒకే కాలరేఖపైకి తేవడం ఎలా?

నాగావళిపై సంగాం దిగువన ఒక వంతెన దగ్గర ఒకటి, అక్కడికి నది వెంట సుమారు 40 కిలోమీటర్ల దూరంలో శ్రీకాకుళం పట్టణంలో మరొకటి, నీటిమట్టం నమోదు చేసే లాగర్లను మేము అమర్చాము. ఎగువన పోటెత్తిన నీరు ఎన్ని గంటలకు పట్టణానికి చేరుతుందో తెలియాలంటే, రెండు గ్రాఫులనూ ఒకదానిపై ఒకటి సరిపోయేలా జరపాలి. ఎంత జరపాలో సాఫ్ట్‌వేర్ క్షణంలో చెబుతుంది. కానీ ఆ అంకెలో నీటి ప్రయాణకాలం ఎంతో, రెండు గడియారాల తేడా ఎంతో అది విడదీసి చెప్పలేదు. కాబట్టి లాగర్లను ఏట్లో దింపకముందే ఈ పని మొదలుపెట్టాలి.

రెండు సెన్సార్లనూ ఒకే తాడుకు, ఒకే ఎత్తులో కట్టి, నిండు బకెట్ నీళ్లలో ముంచండి. అయిదు సెకన్లకోసారి నమోదయ్యేలా పెట్టి, జానెడు పైకి లేపి, అర నిమిషం ఆగి, మళ్లీ దించండి. ఇలా మూడుసార్లు చేయండి. మధ్య విరామం మాత్రం ఒకసారి ఒక నిమిషం, ఇంకోసారి మూడు నిమిషాలు ఉండాలి. విరామాలు సమానంగా ఉంటే మొదటి మెట్టు రెండో మెట్టుతో కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది. బకెట్‌లో నీటికి ప్రయాణం లేదు కనుక, ఇక్కడ కనిపించే తేడా అంతా గడియారాలదే.

మొదటిసారి మేము ఈ పరీక్ష చేయలేదు. పట్టణంలో నీరు 2 గంటల 30 నిమిషాలు ఆలస్యంగా పెరిగినట్టు లెక్క తేలింది. ఆ లెక్కన నీరు గంటకు 16 కిలోమీటర్లు పరుగెత్తాలి. మైదానంలో పారే నాగావళికి అంత వేగం నమ్మశక్యం కాదు. తీరా చూస్తే దిగువ లాగర్ అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంది. అది భారత కాలమానానికి 5 గంటల 30 నిమిషాలు వెనుక. అది కలిపితే ఆలస్యం 8 గంటలు, వేగం గంటకు 5 కిలోమీటర్లు అయింది. తప్పు అంకె కూడా చూడడానికి ఒప్పులాగే ఉంటుంది కనుక, వచ్చిన ఆలస్యంతో దూరాన్ని భాగించి చూడకుండా ముందుకు వెళ్లవద్దు.

ఇక కంప్యూటర్ పని. పైథాన్‌లో పట్టికలను చదివే పాండాస్ లైబ్రరీతో రెండు ఫైళ్లనూ చదివి, సమయాలను భారత కాలమానంలోకి మార్చి, రెండింటినీ 15 నిమిషాల మెట్లకు, అంటే ప్రతి 15 నిమిషాలకు ఒక విలువ ఉండేలా, తీసుకురండి. చిన్న ఖాళీలను పక్క విలువల ఆధారంగా పూరించవచ్చు. గంటకు మించిన ఖాళీని పూరించకుండా, ఖాళీ లేని భాగాన్నే లెక్కకు తీసుకోవడం మేలు.

తరువాతి దశలోనే ఎక్కువ మంది పొరపడతారు. అది సహసంబంధం, అంటే ఒక వరుసను కొద్దికొద్దిగా జరుపుతూ ప్రతి ఆలస్యానికీ రెండు వరుసలు ఎంత సరిపోతున్నాయో చెప్పే అంకె. అది అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న చోటే శిఖరం. నీటిమట్టం ఎప్పుడూ సున్నాకు పైనే ఉంటుంది కాబట్టి, సగటును తీసివేయకుండా సహసంబంధం లెక్కిస్తే, రెండు వరుసలూ ఎక్కువగా అతివ్యాపించే సున్నా ఆలస్యం దగ్గరే శిఖరం వస్తుంది. అందుకని ప్రతి వరుస నుంచీ దాని సగటును తీసివేసి, ప్రామాణిక విచలనంతో, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెతో, భాగించండి. నా అనుభవంలో మట్టానికి బదులు మట్టంలో మార్పును, అంటే ప్రతి విలువలోంచి ముందు విలువను తీసివేసిన వరుసను వాడితే శిఖరం ఇంకా పదునుగా వస్తుంది. ఎందుకంటే వరద చకచకా ఎక్కి, రోజుల తరబడి మెల్లగా దిగుతుంది, ఆ దిగే భాగం శిఖరాన్ని చదును చేస్తుంది.

పైథాన్ గణిత లైబ్రరీ సైపైలో సహసంబంధం లెక్కించే కోరిలేట్ ఫంక్షన్‌కు ముందు దిగువ వరుసను, తరువాత ఎగువ వరుసను ఇవ్వండి. కోరిలేషన్ లాగ్స్ ఫంక్షన్ ఇచ్చే ఆలస్యాల జాబితాలో, శిఖరం ఉన్న స్థానానికి ఎదురుగా ఉన్న అంకె ధనాత్మకమైతే దిగువ వరుస ఆలస్యంగా వచ్చిందని అర్థం. మా లెక్కలో అది 32 మెట్లు. మ్యాట్‌ల్యాబ్ వాడేవారు జాగ్రత్తపడాలి: ఎక్స్‌కార్‌కు ఇదే వరుసక్రమం పనికివస్తుంది, ఫైండ్‌డిలే ఫంక్షన్‌కు మాత్రం ఎగువ వరుసను ముందు ఇవ్వాలి. సందేహం ఉంటే ఎగువ వరుసనే 10 మెట్లు ఆలస్యంగా వచ్చేలా జరిపి, దిగువ వరుసగా ఇచ్చి, 10 వస్తుందో లేదో చూసుకోండి.

మెట్టు కన్నా సన్నగా కావాలంటే శిఖరం, దాని ఇరుపక్కల విలువలు తీసుకోండి. అవి 0.90, 0.96, 0.94 అనుకుంటే, ఎడమ నుంచి కుడిని తీసివేస్తే మైనస్ 0.04, రెండు పక్కలనూ కూడి, శిఖరానికి రెట్టింపును తీసివేస్తే మైనస్ 0.08. మొదటిదాన్ని రెండోదానితో భాగించి సగం చేస్తే 0.25 మెట్టు, అంటే 3 నిమిషాల 45 సెకన్లు, ఆలస్యానికి కలపాలి.

శిఖరం ఒక్కటే ఉండాలని లేదు. రెండు చోట్లా ఒకేసారి వాన కురిస్తే సున్నా దగ్గర ఒక శిఖరం లేస్తుంది. కళ్లేపల్లి దగ్గర సముద్రపు పోటు తగిలే చోట కొలిస్తే సుమారు 12 గంటల 25 నిమిషాలకొకటి చొప్పున నకిలీ శిఖరాలు వరుస కడతాయి. కాబట్టి వెతుకులాటను నీటికి సాధ్యమైన అవధికే, మా విషయంలో 4 నుంచి 16 గంటలకు, పరిమితం చేయండి.

చివరగా దిగువ వరుసను 32 మెట్లు ముందటి సమయానికి జరిపి, రెండు గ్రాఫులనూ కలిపి గీయండి. ఎక్కే అంచులు కలిస్తే చాలు. దారిలో వరద పలచబడుతుంది కనుక నీటిమట్టపు శిఖరాల ఎత్తు కలవనక్కరలేదు. అసలు సమయాల వరుసను చెరపకుండా, జరిపిన సమయాలను వేరే వరుసలో రాయండి. లాగర్లను బయటికి తీశాక బకెట్ పరీక్ష మళ్లీ చేసి, రెండు పరీక్షల మధ్య గడియారం ఎన్ని సెకన్లు తప్పిందో దాని పక్కనే నమోదు చేయండి.