అమ్మమ్మ ఉప్పెన సంగతి చెబుతుంటే ఎలా వినాలి

దివిసీమ పెద్దవాళ్లెవరైనా 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మొదలుపెడితే ముందు టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పడేసి, మంచం దగ్గరే కూర్చోండి. "ఇది ఇంతకుముందే చెప్పావుగా" అని అస్సలు అనకండి. మా అమ్మమ్మ తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉన్న సంగతి దాకా వచ్చి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆగిపోయేది. మేం "పోనీలే, ఏడవకు" అనగానే ఇక నోరు విప్పేది కాదు. ఒకసారి మాత్రం నేనేమీ అనకుండా మంచినీళ్లిచ్చి కూర్చున్నాను, చాలాసేపటికి తనే చెల్లెలి చెయ్యి జారిపోయిన సంగతి చెప్పింది. అందుకే వాళ్లు ఆగితే మీరూ ఆగండి. మరీ అడగాలనిపిస్తే "తర్వాత ఏమైంది?" చాలు. రికార్డ్ చేయాలంటే ముందే అడగండి, వద్దంటే వదిలేయండి. అయిపోగానే లేచిపోకండి, ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టకపోవచ్చు, వీలైతే పక్కనే పడుకోండి.