ప్రైవేటు స్కూల్ టీచర్లకు గ్రాట్యుటీ: దరఖాస్తు ఎలా, చిక్కు ఎక్కడ

టీచర్లకు గ్రాట్యుటీ (ఉద్యోగం మానేశాక యాజమాన్యం ఒకేసారి ఇవ్వాల్సిన డబ్బు) ఉండదని చాలా స్కూళ్లలో ఇప్పటికీ చెప్పి పంపేస్తున్నారు. 2004లో సుప్రీంకోర్టు అలా అన్నది నిజమే. కానీ 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకు వర్తింపజేసింది. ఆ సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టే తేల్చింది. స్కూల్లో పదిమంది సిబ్బంది ఉంటే చాలు.

ఐదేళ్లు ఆగకుండా పనిచేసి ఉండాలి. మరణించినా, పని చేయలేని వైకల్యం వచ్చినా ఐదేళ్ల షరతు లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం, గడువు రాసిన కాంట్రాక్టు మీద చేరినవాళ్లు ఆ గడువు ముగిశాక ఏడాది సర్వీసుకే అడగవచ్చు.

లెక్క సులువు: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 13,000 జీతంతో 7 ఏళ్ల 8 నెలలు చేస్తే ఎనిమిదేళ్లుగా లెక్కగట్టి 60,000 వస్తుంది.

మానేసిన 30 రోజుల్లో కరస్పాండెంట్ పేర దరఖాస్తు ఇవ్వండి. చేరిన తేదీ, మానిన తేదీ, చివరి జీతం, బ్యాంకు ఖాతా రాయండి. చేతికిస్తే కాపీ మీద సంతకం, స్టాంపు వేయించుకోండి. తీసుకోబోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 30 రోజులు దాటినా కంగారు పడొద్దు, ఆ ఒక్క కారణంతో హక్కు పోదు.

ఎక్కువమంది ఆగిపోయేది సర్వీసు నిరూపించే దగ్గరే. కొన్ని మేనేజ్‌మెంట్లు ఏటా ఏప్రిల్‌లో రాజీనామా రాయించుకుని, జూన్‌లో కొత్త నియామక ఆర్డరు ఇస్తాయి. ఐదేళ్ల తర్వాత ఆ కాగితాలే చూపించి సర్వీసు తెగిపోయిందంటాయి. ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగితే సర్వీసు తెగినట్టు కాదని చట్టమే చెబుతోంది, వేసవి మూత అలాంటిదే. మీ చేత్తో రాసిన రాజీనామా ఉంటే మాత్రం వాదన బలహీనపడుతుంది. అందుకే ఏప్రిల్‌లో ఖాళీ కాగితం మీద, తేదీ లేని రాజీనామా మీద సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టినా వదిలేయక్కర్లేదు. జూన్‌లోనే తిరిగి చేరినట్టు చూపే పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఏటేటా ఇచ్చిన ఆర్డర్లు వరుసగా పెట్టండి. జీతం చేతికిచ్చే స్కూలైతే టైంటేబుళ్లు, సర్క్యులర్లు, మీ పేరున్న వాట్సాప్ ఆదేశాలు ఇప్పటినుంచే దాచండి. ఆర్డరు ఒక సొసైటీ పేర, జీతం మరో ట్రస్టు పేర వస్తుంటే రెండు పేర్లూ దరఖాస్తులో రాయండి.

గ్రాట్యుటీ అడగనని బాండు రాయించుకున్నా అది చెల్లదు.

30 రోజుల్లో డబ్బు రాకపోతే వడ్డీ కూడా అడగవచ్చు. కాదన్నా, పలకకపోయినా జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. పాత నిబంధనల్లో దీనికి ఫారం ఎన్, గడువు 90 రోజులు. ఆలస్యమైతే తగిన కారణం రాయాలి. కోడ్ వచ్చాక మానినవాళ్లు ఇప్పుడు ఏ ఫారం తీసుకుంటున్నారో అక్కడి కౌంటర్లోనే కనుక్కోవాలి. వకీలు తప్పనిసరి కాదు, మీరే హాజరై చెప్పుకోవచ్చు. వచ్చేదాంట్లో వాటా అడిగే మధ్యవర్తికి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. ఆర్డరు మీకు అనుకూలంగా వచ్చాక మేనేజ్‌మెంట్ అప్పీలు చేయాలంటే ఆ మొత్తం ముందుగా జమ చేయాలి. అప్పీలూ చేయక, డబ్బూ కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయించమని అదే కార్యాలయంలో రాతపూర్వకంగా కోరండి.