ఉద్యోగులు ఎందుకు వెళ్లిపోతున్నారు? 3వ పాఠం: ఇరవై శాతాన్ని విప్పి చూడటం

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చేశారా? ఏడాది మొదట్లో 190 మంది, చివర్లో 210 మంది, అంటే సగటున 200. మధ్యలో వెళ్లినవాళ్లు 40. టర్నోవర్, అంటే సగటు ఉద్యోగుల్లో ఏడాదిలో వెళ్లిపోయినవాళ్ల వాటా, 20 శాతం. ఇది వంద దాటుతుందా అని కొందరికి అనుమానం. దాటుతుంది. 1913లో ఫోర్డ్ కార్ల కంపెనీలో సుమారు 370 శాతం ఉండేది. ఒక్కో పనిలోకి ఏడాదిలో ముగ్గురు నలుగురు వచ్చి పోయారన్నమాట. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించడానికి అదో కారణం.

అది చదివి జీతాలు పెంచితే సరి అనుకోకండి. ముందు మన 40ని విడగొట్టాలి. రిటైరైనవాళ్లు 5, కంపెనీయే తీసేసినవాళ్లు 5, రిజైన్ చేసినవాళ్లు 30. మన పని ఈ ముప్పైతోనే. ఎక్సెల్ షీట్‌లో ఒక్కొక్కరి పేరు పక్కన చేరిన తేదీ, రిజైన్ చేసిన తేదీ, సూపర్‌వైజర్ పేరు రాయండి. కొత్తలో నేను డిపార్ట్‌మెంట్ మాత్రమే రాసేవాణ్ణి. దాన్నిబట్టి ఏమీ తేలేది కాదు.

రాశాక ఇలా కనిపించిందనుకోండి: 30లో 18 మంది ఈ ఏడాదే చేరి, ఆరు నెలలు నిండకుండా వెళ్లారు. వాళ్లలో 11 మంది ఒకే సూపర్‌వైజర్ కింద పనిచేశారు. దొంగ దొరికాడనిపిస్తుంది కదా? ఆగండి. ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్లు 60 మంది. వాళ్లలో 40 మందిని ఆయన దగ్గరికే పంపారు. 40లో 11 అంటే 27.5 శాతం. మిగతా 20 మందిలో వెళ్లినవాళ్లు 7, అంటే 35 శాతం. నిజానికి ఆయనే కాస్త నయం! ఈ రెండో భాగహారం చేయకుండా మేనేజర్ దగ్గరికి వెళ్తే ఒక మంచి సూపర్‌వైజర్‌ను అనవసరంగా ఇరికించినట్టే.

అయితే తేడా ఎక్కడుంది? కొత్తవాళ్లు ఎవరి దగ్గరున్నా నిలవడం లేదంటే, ఇంటర్వ్యూలో మనం చెప్పిన పనికీ, చేరాక అప్పజెప్పిన పనికీ పొంతన ఉందా అని చూడాలి. ఉద్యోగం మానేసేటప్పుడు నింపించే ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఫారంలో ఇది దొరకదు. అక్కడ అందరూ "సొంత కారణాలు" అనే రాస్తారు. రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేశామని కంపెనీ ఇచ్చే పత్రం) ఇంకా చేతికి రాని మనిషి అంతకుమించి ఏం రాస్తాడు? ఎందుకు వెళ్తున్నారని అడక్కండి. "వేరే ఉద్యోగం చూసుకోవాలని మొదటిసారి ఎప్పుడనిపించింది? ఆ వారం ఏం జరిగింది?" అని అడగండి. "రెండో వారమే. షిఫ్టు మారిందని ముందురోజు రాత్రి మెసేజ్ వచ్చింది" అన్నారనుకోండి, సరిచేయాల్సింది షిఫ్టుల పట్టికను.

అభ్యాసం: మీ దగ్గర చేరి మూడు నెలలైన ఇద్దరితో విడివిడిగా ఇరవై నిమిషాలు మాట్లాడండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. 4వ పాఠం ఆ కాగితాలతోనే మొదలుపెడదాం.